టైప్ 1 షుగర్ ఉన్న బాబుని సమ్మర్ క్యాంపుకి పంపొచ్చా?

ప్రశ్న: మాది కరీంనగర్. మా బాబుకి 10 ఏళ్లు, బరువు 30 కిలోలు. 2 ఏళ్ల నుంచి టైప్ 1 షుగర్, రోజుకి 4 సార్లు ఇన్సులిన్. ఈ సెలవుల్లో హైదరాబాద్‌లో వాళ్ల పిన్ని ఇంట్లో ఉండి స్విమ్మింగ్ క్యాంపుకి పోతానంటున్నాడు. వారం రోజులు అక్కడే ఉంచుకునే క్యాంపు ఇంకోటి ఉంది. షుగర్ ఉందంటే చేర్చుకోరు, చెప్పకుండా పంపమంటున్నారు మా ఇంట్లోవాళ్లు. ఏం చేయమంటారు?

జవాబు: పంపండమ్మా. దాచిపెట్టి మాత్రం పంపొద్దు. నా దగ్గరికొచ్చే ఒక పాపని ఇలాగే చెప్పకుండా ఆటల క్యాంపులో చేర్పించారు, ఒకరోజు 11 గంటలప్పుడు ఆ పిల్ల ఓ మూల కూలబడి పిలిస్తే పలక్కుండా చూస్తుంటే కోచ్ ఎండదెబ్బ అనుకుని నీడలో కూర్చోబెట్టి ఉప్పు మజ్జిగ ఇచ్చాడు. మంచోడే పాపం, తెలీదంతే. మజ్జిగతో పడిపోయిన షుగర్ లేవదు కదా. అదే టైమ్‌కి వాళ్లమ్మ లంచ్ బాక్స్ ఇద్దామని వెళ్లింది కాబట్టి బ్యాగులో గ్లూకోజ్ తీసి కలిపి తాగించింది.

స్విమ్మింగ్‌లో ఇంకో చిక్కు ఉంది. షుగర్ డౌన్ అయితే చెమట పడుతుంది, చేతులు వణుకుతాయి, కానీ నీళ్లలో చెమట కనపడదు, వణుకుతుంటే చలేస్తుందేమో అనుకుంటారు. అందుకే నీళ్లలో దిగేముందు ఒకసారి, మధ్యలో ఒకసారి గట్టు మీదికి పిలిచి వేలు తుడిచి చెక్ చేయాల్సిందే, తడి వేలితో రీడింగ్ తప్పొస్తుంది. 70 కంటే తగ్గితే వెంటనే 2 చిన్న స్పూన్ల పంచదార గానీ గ్లూకోజ్ పౌడర్ గానీ నీళ్లలో కలిపి ఇచ్చి, 15 నిమిషాలాగి మళ్లీ చూడాలి, అప్పటికీ పెరక్కపోతే ఇంకోసారి ఇవ్వాలి. చాక్లెట్ వద్దు, అందులో కొవ్వు వల్ల షుగర్ లేటుగా ఎక్కుతుంది. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి.

క్యాంపు చూడ్డానికి వెళ్లినప్పుడు ఏసీ రూములు, ఫొటోలు చూపిస్తారు, అవన్నీ వదిలేసి ఒక్కటే అడగండి: మావాడికి షుగర్ డౌన్ అయితే ఆ టైమ్‌లో వాడి దగ్గరుండే మనిషి ఎవరు? “అందరం చూసుకుంటాంలే అమ్మా” అంటే నాకైతే నమ్మకం కుదరదు. ఫలానా మనిషి అని చూపిస్తే ఆయన చేత మీ ముందే ఒకసారి గ్లూకోమీటర్‌తో టెస్ట్ చేయించండి. చేయనంటే ఫీజు ఎంత తక్కువైనా ఇంకో క్యాంపు వెతుక్కోండి.

వారం రోజుల క్యాంపు ఈ ఏడాదికి వద్దనే చెప్తాను. పగలు బాగా ఈదిన పిల్లలకి అర్ధరాత్రి నిద్రలో షుగర్ పడిపోవచ్చు, 2 గంటలకి లేపి చూసేవాళ్లు అక్కడ ఉండరు. పిన్ని అయితే అలారం పెట్టుకుని లేస్తుంది. మీ ఇంట్లో ఎవరైనా భయపడుతుంటే ఈ మాట చెప్పండి, 1922లో ఇన్సులిన్ మొట్టమొదట ఇచ్చింది 14 ఏళ్ల అబ్బాయికే, ఆ తర్వాత మూడేళ్లకే అమెరికాలో షుగర్ పిల్లలకని ప్రత్యేకంగా క్యాంపు పెట్టారు.

ఇక ఇన్సులిన్ సంగతి. మే నెల ఎండల్లో ఇన్సులిన్ పెన్ను స్కూల్ బ్యాగులో, ఆగి ఉన్న కారులో వదిలేస్తే మందు పాడైపోతుంది, చూడ్డానికి మాత్రం మామూలుగానే ఉంటుంది. పిన్ని వాళ్ల ఫ్రిజ్‌లో పెట్టొచ్చు, డీప్ ఫ్రీజర్‌లో మాత్రం వద్దు. బస్సులో తెచ్చేటప్పుడు ఐస్‌కి నేరుగా తగలకుండా టవల్ చుట్టి తీసుకెళ్లండి.

ఈత కొట్టే రోజుల్లో ఇన్సులిన్ డోస్ ఎంత తగ్గించాలో ఇక్కడ నుంచి నేను చెప్పకూడదు, వాడిని చూసే డాక్టరే చెప్పాలి. క్యాంపుకి ముందు రెండు ఆదివారాలు మీరే పక్కనుండి గంటసేపు ఈత కొట్టించి, ముందు ఎంత, మధ్యలో ఎంత, తర్వాత ఎంత, రాత్రి 2 గంటలకి ఎంత అని ఒక నోట్‌బుక్‌లో రాసి ఆ డాక్టర్‌కి చూపించండి.