మీరు అడిగారు: టోల్‌గేటు కాడ పైసల పంచాయితీ

ప్రశ్న: మా కారు ఇంటి ముందు వేపచెట్టు కింద కదలకుండా ఉంది. రాత్రి పదకొండింటికి ఎక్కడో టోల్‌లో డబ్బులు కట్ అయ్యాయని మెసేజ్ వచ్చింది. నేను పోని రోడ్డుకి నేనెందుకు కట్టాలి?
– ఒక టీచర్, నల్లగొండ

జవాబు: కట్టక్కర్లేదు టీచరు గారూ. మామూలుగా జరిగేది ఏంటంటే, ఎవరిదో బండి ఫాస్టాగ్, అంటే టోల్ డబ్బులు కట్ అయ్యేందుకు అద్దానికి అతికించే స్టిక్కరు, స్కాన్ కాదు, వెనక హారన్లు మోగుతుంటాయి, బూత్‌లో కూర్చున్న అబ్బాయి బండి నంబరు చేత్తో కొట్టేస్తాడు, అందులో ఒక్క అంకె తప్పు పడిందా, ఆ డబ్బు మీ ట్యాగ్‌లోంచి పోతుంది. జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేయండి, ట్యాగ్ ఇచ్చిన బ్యాంకులోనూ ఫిర్యాదు పెట్టండి. ఆ టైముకి గేటు కెమెరాలో పడిన బండి ఫొటో చూపించమని గట్టిగా అడగండి. ఫొటోలో మీ కారు లేకపోతే ఇక వాదించడానికి ఏముంటుంది? ఇలా తప్పుగా కోస్తే టోల్ ఏజెన్సీలకి జాతీయ రహదారుల సంస్థ లక్ష రూపాయల జరిమానా వేస్తోంది. మంచిదే, కానీ ఫోన్లు చేసుకునే తిప్పలు మాత్రం మీవే, అదే నాకు నచ్చనిది.

ప్రశ్న: ట్యాగ్‌లో బ్యాలెన్స్ ఉంది, మెషిన్ చదవలేదు. డబుల్ కట్టమన్నారు. వెనక లారీలు, ఒకటే టెన్షన్, కట్టేసి వచ్చాను. ఇది న్యాయమేనా?
– ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్

జవాబు: తప్పు వాళ్ల మెషిన్‌దైతే మీరు రూపాయి కూడా కట్టక్కర్లేదు. 2018 మేలో వచ్చిన గెజిట్ రూలే ఉంది: ట్యాగ్ సరిగ్గా ఉండి, బ్యాలెన్స్ ఉండి, గేటు దగ్గరి యంత్రం పని చేయకపోతే సున్నా రసీదు ఇచ్చి బండిని వదిలేయాలి. ఈసారి ఆ సున్నా రసీదే అడగండి. ఒక్కటి చూసుకోండి, ట్యాగ్ అద్దానికి అతికించి ఉండాలి, డ్యాష్‌బోర్డులో పెట్టుకుని గేటు దగ్గర చేత్తో పట్టుకుని చూపిస్తే తప్పు మీదే అవుతుంది. ట్యాగే పాడైతే, 2025 నవంబర్ 15న వచ్చిన మార్పు ప్రకారం, యూపీఐతో కడితే ఒకటింబావు వంతు, అంటే వందకి నూట ఇరవై ఐదు. రెట్టింపు అనేది ఆ మార్పులో నగదుకే పెట్టారు.

ప్రశ్న: నాది చిన్న ట్రాలీ, సూర్యాపేట రిజిస్ట్రేషన్. నకిరేకల్ మార్కెట్ నుంచి నిమ్మకాయలు తెస్తాను. మధ్యలో కొర్లపహాడ్ గేటు. సొంత కార్లకి పాసులున్నాయి, నాకెందుకు లేవన్నా?
– ఒక ట్రాలీ డ్రైవర్, సూర్యాపేట

జవాబు: నీ ప్రశ్నే అసలు ప్రశ్న తమ్ముడూ. సొంత కారుకి 20 కిలోమీటర్లలోపు ఉంటే నెల పాసు ఉంది. 2025 ఆగస్టు 15 నుంచి ఏడాది పాసు కూడా వచ్చింది, మొదలైనప్పుడు 3000 రూపాయలకి 200 ట్రిప్పులు, అంటే ట్రిప్పుకి 15 రూపాయలు. నీలాంటి పసుపు బోర్డు బండికి, అంటే కమర్షియల్ బండికి, ఈ రెండూ లేవు. పెళ్లికో పండగకో పోయే కారుకి ఇచ్చినవాళ్లు, రోజూ అదే గేటు దాటి బతికే బండిని మరిచిపోయారు.

అయితే నీకు ఏమీ లేదని కాదు. గేటు రేటు వంద అనుకో. 24 గంటల్లో తిరిగొస్తే రానుపోను కలిపి 150. నెలకి 50 ట్రిప్పుల పాసు తీసుకుంటే రేటులో మూడింట రెండు వంతులే, ట్రిప్పుకి 67 దాకా పడుతుంది. వీటికంటే పెద్దది ఇంకోటి ఉంది, చాలామందికి తెలియదు: టోల్‌గేటు ఉన్న జిల్లాలోనే రిజిస్టర్ అయిన కమర్షియల్ బండికి సగం రేటే, నేషనల్ పర్మిట్ (దేశమంతా సరుకు తిప్పుకునే పర్మిట్) ఉండకూడదు, సర్వీస్ రోడ్డో వేరే దారో ఉంటే ఇవ్వరు. 2008 నాటి ఫీజు రూల్స్‌లోనే ఉంది ఇది.

ఇక్కడే నీకు దెబ్బ పడింది. కొర్లపహాడ్ కేతేపల్లి మండలంలో ఉంది, అంటే నల్లగొండ జిల్లా. 2016లో జిల్లాలు విడగొట్టేదాకా సూర్యాపేట కూడా నల్లగొండే. రోడ్డు అదే, గేటు అదే, నిమ్మకాయలూ అవే, నంబర్ ప్లేటు మీద 05 పోయి 29 వచ్చేసరికి రూల్ కాగితం మీద నువ్వు పక్క జిల్లావాడివి అయిపోయావు. పంతంగి గేటు దగ్గర నల్లగొండ బండ్లకీ ఇదే కథ, ఆ గేటు ఇప్పుడు యాదాద్రి భువనగిరిలో ఉంది. జిల్లా గీతని కాకుండా గేటు నుంచి దూరాన్ని కొలిస్తే ఈ తిరకాసే ఉండదు, సొంత కార్లకి 20 కిలోమీటర్లని కొలుస్తున్నారు కదా, ట్రాలీకి కొలవడానికి టేపు చాలదా? నీలాంటి పది మంది డ్రైవర్లు కలిసి రాసి, కలెక్టరేట్ ప్రజావాణిలో ఇవ్వండి, ఒక కాపీ రహదారుల సంస్థ ప్రాజెక్టు ఆఫీసుకి పంపండి. ఈలోగా 50 ట్రిప్పుల పాసు తీసుకో.

ప్రశ్న: ట్రాక్టర్‌కి టోల్ ఉంటుందా?
– ఒక రైతు, అడ్డాకుల

జవాబు: ఉండదు. బైకు, ఆటో, ట్రాక్టర్, వరికోత మిషన్, ఎడ్లబండి, వీటికి ఫీజు లేదు. పక్కన సర్వీస్ రోడ్డు ఉంటే మాత్రం అందులోనే పోవాలి, బైకుకి తప్ప.