శుక్రవారం ఫోన్ వస్తే ఇంట్లో రచ్చే

ప్రశ్న: మాది కోరుట్ల దగ్గర పల్లె. నేను బీడీలు చేస్తాను, ఆయన సౌదీలో ఉంటారు. బాబు తొమ్మిదో తరగతి. పోయిన ఏడాది ఆయన సెలవుకు వచ్చి వెళ్లినప్పటి నుంచి మాట వినడం లేదు. పైసలు ఇయ్యనంటే గిన్నెలు విసిరేస్తాడు. వాడకట్టు వాళ్లు వింటారని ఇచ్చేస్తాను. బడిలో కొట్లాటలు. శుక్రవారం వాళ్ల నాన్న వీడియో కాల్‌లో తిడితే ఇంకా రెచ్చిపోతాడు. నా పెంపకమే సరిగా లేదని అత్తమ్మ అంటుంది.
– ఒక తల్లి, జగిత్యాల జిల్లా

జవాబు: చెల్లెమ్మా, పెంపకం సంగతి తర్వాత. గిన్నె పడ్డాక ఏం జరుగుతోందో చూడండి. వాడికి పైసలు దొరికాయి, మీకు గొడవ తప్పింది. ఇద్దరికీ పని జరిగింది కాబట్టి రేపూ అదే జరుగుతుంది. అమెరికా సైకాలజిస్టు జెరాల్డ్ ప్యాటర్సన్ బృందం ఇళ్లకే వెళ్లి గమనించి తేల్చింది ఇదే.

అందుకే ఖర్చుకు ఇచ్చేదేదో వారానికోసారి, వాడు అడగకముందే ఇవ్వండి. మధ్యలో అడిగితే ఒక్కసారే ‘లేదు’ అనండి, మెల్లగా. విసిరాక మాత్రం రూపాయి కూడా ఇవ్వొద్దు. మొదట్లో అరుపులు పెరుగుతాయి. అప్పుడు లొంగితే ఇంకా గట్టిగా అరిస్తేనే పనవుతుందని నేర్చుకుంటాడు. చెయ్యి చేసుకునేలా ఉంటే మీరు పక్కింటికి వెళ్లిపోండి. వాడకట్టు వింటే విననీయండి, వాళ్ల ఇళ్లలో పిల్లలు లేరా?

ఇక ఆ ఫోన్. వారమంతా పోగైన ఫిర్యాదులు ఆయన చెవిలో పోస్తే, సెలవు రోజు ఆయన మాత్రం ఏం చేస్తారు, తిడతారు. ‘నాన్నకు చెప్తా’ అనే బెదిరింపు మానేయండి. ఫోన్‌లో చదువు, మార్కులు తేవొద్దని, క్రికెట్ మాట్లాడమని ఆయనకు ముందే చెప్పండి. ఈ వయసులో దిగులు చాలాసార్లు చిరాకుగా, కోపంగానే బయటపడుతుంది. మీవాడు మొదలుపెట్టింది నాన్న తిరిగి వెళ్లాకే కదా! ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే చెప్పడు. మీరు ఆకు కత్తిరిస్తుంటే పక్కన కూర్చున్నప్పుడు, ‘నాన్న పోయినంక నాకూ ఇల్లు బోసిగా అనిపిస్తుంది’ అని మీరే మొదలుపెట్టండి. జవాబు రాకపోయినా ఫర్వాలేదు.

నిద్ర, తిండి తగ్గినా, దోస్తులను వదిలేసినా, మత్తు అలవాటైందని అనుమానమొచ్చినా మనసు బాగోలేనప్పుడు సాయం చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు, రాత్రయినా ఎత్తుతారు. చచ్చిపోతానంటే మాత్రం కోపంలో అన్నాడులే అనుకోకుండా, వాణ్ని ఒంటరిగా వదలకుండా వెంటనే చేయండి.

బడి నుంచి సారు మళ్లీ పిలిస్తే తలదించుకుని తిట్లు విని రావొద్దు. నాన్న ఎప్పుడు వెళ్లారో, ఇంట్లో ఏం మార్చారో చెప్పి, వాడు కొట్లాడకుండా ఉన్న రోజు కూడా మీకు కబురు పెట్టమనండి.