సంధి షరతులు కూడా నువ్వే రాయాలి

తమ్ముడూ,

నీ కథ చదివాను. అంగారకుడి మీద రెండు స్థావరాలు, ఒకటి నేలకింద, ఒకటి పైన గుమ్మటాల్లో, మధ్యలో ఒక మంచుగని, దానికోసం మూడు తరాలుగా పగ. చాలాచోట్ల పేజీ తిప్పకుండా ఆగిపోయాను. ఆక్సిజన్ గేజి మీద ఒక కన్ను వేసి ఉంచి ముసలావిడ మనవణ్ణి నిద్రపుచ్చే ఘట్టం ఎంత బాగా కుదిరిందో! తీరా చివరి రెండు పేజీల్లో నీ కథానాయకుడు ఉపన్యాసం ఇస్తాడు, అందరూ కళ్ళనీళ్ళు పెట్టుకుని ఆయుధాలు కింద పడేస్తారు. అక్కడ మాత్రం నమ్మబుద్ధి కాలేదు.

ఉపన్యాసంతో యుద్ధం ఆగేదైతే కురుక్షేత్రం జరిగేదే కాదు. రాయబారానికి వెళ్ళినవాడు సాక్షాత్తు శ్రీకృష్ణుడు. అడిగింది చివరికి ఐదు ఊళ్ళు. అయినా సూదిమొన మోపినంత నేల కూడా ఇవ్వనన్నాడు దుర్యోధనుడు. కృష్ణుడికి మాటలు చాలకనా? భీష్ముడు, ద్రోణుడు, కర్ణుడు తన పక్కనుండగా యుద్ధంలో గెలుస్తానని దుర్యోధనుడి ధీమా. రాజీ కుదరకపోతే నాకేం నష్టం అనుకునేవాడి ముందు ఎంత గొప్ప మాటయినా దండగే. కాబట్టి చర్చల సీను రాసే ముందు ప్రతి పాత్రనీ అడుగు: ఈ మాటలు ఇక్కడితో తెగిపోతే రేపు పొద్దున నువ్వేం చేస్తావు? ఆ జవాబు తెలిస్తే ఆ పాత్ర ఎంతవరకు దిగివస్తుందో నీకే తెలుస్తుంది.

సైన్స్ ఫిక్షన్ రాస్తే తగాదాలు తీర్చడం నిజంగా వస్తుందా అని అడిగావు. వస్తుందని నేను గట్టిగా నమ్ముతాను. మనకు తెలిసిన రెండు వర్గాల గొడవ రాస్తే పేర్లు చూడగానే పాఠకుడు ఒక పక్కకి ఒరిగిపోతాడు. రాసేవాడు అంతకు ముందే ఒరిగి ఉంటాడు. అంగారకుడి మీద గొడవలో ఆ వెసులుబాటు ఉండదు. ఎవరికేం కావాలో, ఎవరు దేనికి భయపడుతున్నారో మొదటినుంచీ మనమే కూర్చుని ఆలోచించుకోవాలి. మధ్యవర్తి పనిలో సగం అదే.

ఆ సగమే నీ కథలో జరగలేదు. రెండు వైపులా ఒకటే కేక: "గని మాది!" పైకి అడిగేదాని వెనక అసలు అవసరం వేరే ఉంటుందని, అక్కడే దారి దొరుకుతుందని సంప్రదింపుల మీద పనిచేసిన రోజర్ ఫిషర్, విలియం యూరీ చెప్పారు. వాళ్ళు చూపించే ఉదాహరణ సినాయ్ ఎడారి. 1967 యుద్ధంలో ఇజ్రాయెల్ దాన్ని ఆక్రమించింది. ఈజిప్టు మొత్తం వెనక్కి ఇమ్మంది. మ్యాపు మీద గీత ఎక్కడ గీసినా ఎవరో ఒకరు ఒప్పుకోలేదు. ఈజిప్టుకు కావలసింది తన నేల మీద తన జెండా. ఇజ్రాయెల్‌కు కావలసింది సరిహద్దు పక్కన ఈజిప్టు ట్యాంకులు లేకపోవడం. నేల ఈజిప్టుకిచ్చి, అందులో చాలా భాగంలో సైన్యం ఉండకూడదన్నారు. కుదిరింది.

ఇప్పుడు నీ మంచుగని చూద్దాం. నేలకింద ఉండేవాళ్ళకి పీల్చడానికి గాలి కావాలి. గుమ్మటాలవాళ్ళకి భూమికి తిరిగి వెళ్ళే రాకెట్‌లోకి ఇంధనం కావాలి. ఇద్దరూ ఆ మంచునే కరిగించి, కరెంటు పెట్టి నీటిని విడగొడతారు. గాలి కోసం విడగొట్టేవాడు ఆక్సిజన్ ఉంచుకుని హైడ్రోజన్ని బయటికి వదిలేస్తాడు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోనూ కొన్నేళ్ళు అలాగే వదిలేశారు. గుమ్మటాలవాడికి ఆ హైడ్రోజనే ముడిసరుకు. అంగారకుడి గాలిలో దండిగా ఉండే కార్బన్ డయాక్సైడ్‌తో దాన్ని కలిపితే రాకెట్‌కి కావలసిన ఇంధనం, మీథేన్, తయారవుతుంది. అంటే వీళ్ళు పారేసేదే వాళ్ళకి కావాలి! మూడు తరాలు చంపుకున్నారు గానీ, నీ కథలో ఒక్కరైనా "ఇంతకీ ఆ నీళ్ళతో మీరేం చేస్తారు?" అని అవతలివాణ్ణి అడగలేదు.

ఇంతటితో సుఖాంతం అనుకోకు. మీథేన్ మండాలన్నా ఆక్సిజన్ కావాలి, అదీ మీథేన్ బరువుకు మూడు రెట్లకు పైగానే. కాబట్టి పేచీ పూర్తిగా పోదు, కాస్త చిన్నదవుతుంది. అప్పుడు ఇంకో ప్రశ్న వెయ్యి: ఎవరికి ఎప్పుడు కావాలి? ఊపిరి క్షణం ఆగదు. రాకెట్‌కి మాత్రం, అంగారకుడి నుంచి భూమికి అనుకూలమైన సమయం సుమారు 26 నెలలకోసారి వస్తుంది. ఆలోగా ట్యాంకులు నిండితే చాలు. ఒకరికి రోజువారీ వాటా, ఇంకొకరికి గడువులోగా నిండే ట్యాంకు. ఇక్కడ బేరానికి చోటుంది, పాఠకుణ్ణి కుర్చీ అంచున కూర్చోబెట్టే టెన్షన్ కూడా ఉంది. ఆ ట్యాంకు సగం నిండాక నేలకింద ఒక ప్లాంటు చెడిపోతే?

అందరినీ కలిపేయడానికి మూడో శత్రువుని దించకు. మనసులో మాట కూడా తర్జుమా చేసే యంత్రాన్ని కనిపెట్టకు. రెండూ నీ పాత్రలు పడాల్సిన కష్టాన్ని మింగేస్తాయి.

గౌరవం సంగతి కూడా పట్టించుకో. 1975 జులైలో అమెరికా నౌక అపోలో, సోవియట్ నౌక సోయజ్ అంతరిక్షంలో కలుసుకున్నాయి. అంతకుముందు వాడిన పద్ధతుల్లో ఒక నౌక ముందుకు పొడుచుకొచ్చే భాగంతో వెళ్ళేది, రెండోది దాన్ని లోపలికి తీసుకునేది. ఇద్దరిలో రెండోవాడు ఎవరవుతారు? అందుకని రెండు వైపులా ఒకేలాంటి అమరిక చేశారు, ఎవరైనా ముందుకు రావచ్చు, ఎవరైనా అందుకోవచ్చు. గాలిదీ అదే తంటా. సోయజ్‌లో మనం పీల్చే మామూలు గాలి, అపోలోలో వాతావరణ పీడనంలో మూడో వంతు పీడనంతో స్వచ్ఛమైన ఆక్సిజన్. తలుపు తీసుకుని తిన్నగా వెళ్ళిపోతే ప్రమాదం. మధ్యలో ఒక గది కట్టారు, సోయజ్‌లో పీడనం కొంత తగ్గించారు. మాట్లాడేటప్పుడు అమెరికన్లు రష్యన్‌లో, రష్యన్లు ఇంగ్లీషులో మాట్లాడారు. నీ కథలో రెండు స్థావరాల ప్రతినిధులు కలిసేది ఎవరి గదిలో? ఎవరికి అలవాటైన పీడనంలో? ముందుగా హెల్మెట్ తీసేదెవరు? అలాంటి ఒక్క సంగతి దగ్గరగా చూపించు, ఉపన్యాసం అక్కర్లేదు.

గని ఎవరిదో చివరికైనా తేల్చాలి కదా అంటావేమో. తేల్చకపోయినా ఫరవాలేదు. 1959లో 12 దేశాలు అంటార్కిటికా ఒప్పందం మీద సంతకాలు పెట్టాయి. వాటిలో ఏడు దేశాలు అక్కడి నేల తమదనేవే. ఒప్పందం ఆ వాదనల్ని ఒప్పుకోలేదు, కొట్టెయ్యనూ లేదు. ఎక్కడివక్కడ ఉంచేసి, సైనిక స్థావరాలు వద్దంది, ఒకరి కేంద్రాన్ని ఇంకొకరు వెళ్ళి తనిఖీ చేసుకోవచ్చంది. నాకు ఆ తనిఖీ షరతు చాలా ఇష్టం. నమ్మకం లేనివాళ్ళ మధ్య కూడా అది పనిచేస్తుంది.

ఇక రాసే పని. ఇందాక చెప్పిన ఈజిప్టు, ఇజ్రాయెల్ పేచీ మీదే 1978లో అమెరికాలోని క్యాంప్ డేవిడ్‌లో 13 రోజులు చర్చలు జరిగాయి. ఇజ్రాయెల్ ప్రధాని బెగిన్, ఈజిప్టు అధ్యక్షుడు సాదత్ ఎదురెదురుగా కూర్చుంటే మాట పెరుగుతోందని అమెరికా అధ్యక్షుడు కార్టర్ ఎక్కువగా ఇద్దరినీ విడివిడిగా కలిశారు. అమెరికా బృందం ఒకే డ్రాఫ్టు పట్టుకుని, ఒప్పుకుంటారా అని అడగడం మానేసి, ఇందులో ఏం బాగాలేదో చెప్పమని అటూ ఇటూ తిరిగింది. విన్నదాన్నిబట్టి దిద్దడం, మళ్ళీ చూపించడం. అలా 23 డ్రాఫ్టులు. అది మనం రోజూ చేసే పనే, తమ్ముడూ. రాసేవాడికి ఈ విద్యలో సగం ముందే చేతిలో ఉంది.

ఉపన్యాసం కొట్టేసి, ఆ చోట సంధి పత్రం రాయి. పేజీ చాలు. ఎవరికి ఎంత, ఎప్పుడు, ఎవరు తనిఖీ చేస్తారు, మాట తప్పితే ఏమవుతుంది. ముందు నేలకిందివాళ్ళ కళ్ళతో చదువు, వాళ్ళకి మింగుడుపడని వాక్యం దిద్దు. తర్వాత గుమ్మటాలవాళ్ళ కళ్ళతో. గుమ్మటాలవాళ్ళంటే నీకు గిట్టదని నీ విశేషణాలే చెబుతున్నాయి, అందుకని వాళ్ళ వైపు ఇంకాస్త ఎక్కువసేపు కూర్చో. సంతకం పెట్టడానికి వాళ్ళ నాయకుడు ఒప్పుకున్నాడని నీకు అనిపించిన రోజున ఆ పేజీ నాకు పంపు. కథ మొత్తం అక్కర్లేదు, ఆ ఒక్క పేజీ చాలు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య