రెనాల్డ్స్ నంబర్ వెనకున్న ప్రొఫెసర్ ఎవరు?

ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో (ద్రవాలు, వాయువుల ప్రవాహాన్ని వివరించే శాస్త్రంలో) వాడే రెనాల్డ్స్ నంబర్ ఎవరి పేరు మీద వచ్చిందని అడిగారు. ఆయన ఆస్బోర్న్ రెనాల్డ్స్. 1842లో బెల్‌ఫాస్ట్‌లో పుట్టారు. ముందు వర్క్‌షాప్‌లో పని నేర్చుకుని, ఆ తర్వాత కేంబ్రిడ్జ్‌లో గణితం చదివారు. 1868లో, 25 ఏళ్లకే మాంచెస్టర్ ఓవెన్స్ కాలేజీలో ఇంజనీరింగ్ ప్రొఫెసరై, 1905 దాకా అక్కడే పనిచేశారు.

1883లో ప్రచురించిన ప్రయోగం చాలా అందమైనది. నీళ్ల తొట్టిలో గాజు గొట్టం పెట్టి, అందులోకి సన్నగా రంగు వదిలారు. ప్రవాహం నెమ్మదిగా ఉన్నంతసేపూ రంగు గీత గీసినట్టు తిన్నగా సాగింది. వేగం పెంచుతూ పోతే ఒక్కసారిగా చెదిరి గొట్టమంతా కలిసిపోయింది. ఈ మార్పు వేగం ఒక్కదాని వల్లే రాదు, గొట్టం వ్యాసం, ద్రవం సాంద్రత, స్నిగ్ధత (అంటే చిక్కదనం) కూడా కలిసి నిర్ణయిస్తాయని తేల్చారు. ఈ నాలుగింటినీ కలిపి చెప్పే సంఖ్యే రెనాల్డ్స్ నంబర్.

బేరింగులో పల్చటి నూనె పొర అంత బరువు ఎలా మోస్తుందో 1886లో లెక్కకట్టి చూపిందీ ఆయనే. ఎలక్ట్రాన్‌ను కనిపెట్టిన జె.జె. థామ్సన్ ఆయన విద్యార్థి.