బురదగా ఉన్న కొండదారిలో మౌంటెన్ బైక్ తొక్కొచ్చా?

నడిచేవాళ్లు కూడా వాడే కొండదారిలో వాన వెలిశాక బైక్ తొక్కొచ్చా, పాడైన చోట మనమే బాగుచేయొచ్చా అని అడిగారు కదా. ముందు నేల చూడండి. పదడుగులు తొక్కి వెనక్కి తిరిగితే టైరు గాడి పడి, అందులో నీళ్లు ఊరుతున్నాయా? ఆ రోజుకి ఇంటికి వచ్చేయండి. ఆ గాడే తర్వాతి వానకి కాలవ అవుతుంది, నీళ్లు పక్కకి పోకుండా దారి వెంటే కిందకి పరిగెత్తి మట్టిని కోసుకుపోతాయి, ఎండాక ఆ గాళ్లు గట్టిపడి నడిచేవాళ్ల కాళ్లు మడతపడతాయి. 1988లో మొదలైన ఇంటర్నేషనల్ మౌంటెన్ బైసైక్లింగ్ అసోసియేషన్ నియమాలు కూడా, తడి దారులు త్వరగా పాడవుతాయి, వేరే దారి చూసుకోమనే చెబుతాయి.

మిగతాదంతా గట్టిగా ఉండి ఎక్కడో ఒక బురదగుంట ఎదురైతే, బట్టలు పాడైనా సరే, నెమ్మదిగా మధ్యలోంచే పోండి. అందరూ పక్కనుంచి తప్పుకుంటూ పోతే గడ్డి చచ్చిపోయి, ఒక మనిషి పట్టే బాట కాస్తా బండి పట్టేంత వెడల్పవుతుంది. అలాంటివి చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

బాగుచేయడమంటే గుంటలో ఆకులూ కొమ్మలూ పడేయడం కాదు, అవి కుళ్లి తేమని ఇంకా పట్టి ఉంచుతాయి. నీళ్లకి పల్లం వైపు దారివ్వాలి. ఆ అంచున పేరుకున్న మట్టిగట్టుని పారతో తీసేసి, అటువైపు సుమారు 5 శాతం వాలు, అంటే మీటరు వెడల్పుకి 5 సెంటీమీటర్లు, ఉండేలా చూడాలి. కానీ దారి బాధ్యత చూసేవాళ్లని అడక్కుండా పార పట్టొద్దు, వాళ్లు పని పెట్టిన రోజున వెళ్లి చేయి కలపండి.