స్కానింగ్ నార్మల్ అన్నారు, నొప్పి మాత్రం తగ్గలేదు

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. మా అమ్మాయికి 22 ఏళ్లు. హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి ఎమ్మెస్సీ చదువుతోంది. పదిహేనో ఏట నుంచీ నెలసరి వస్తే మొదటి రెండు రోజులు మంచం దిగలేదు. మెఫ్తాల్ వేసుకున్నా వాంతులే. ఆ రోజుల్లో విరేచనానికి వెళ్లాలన్నా ఏడుస్తుంది. మొన్న పరీక్ష మధ్యలో లేచి వచ్చేసింది. పొట్ట మీద రెండుసార్లు స్కానింగ్ తీశారు, నార్మల్ అన్నారు. ఇప్పుడు చూస్తున్న డాక్టరు ఇది ఎండోమెట్రియోసిస్ కావచ్చని రోజూ వేసుకునే హార్మోన్ మాత్ర రాశారు. నెలసరి ఆగిపోతుందట. చెడు రక్తం లోపలే ఉండిపోదా? పెళ్లి చేస్తే అదే సర్దుకుంటుందని మా అత్తగారంటున్నారు. ఉమ్మితో చేసే పరీక్ష వచ్చిందని వాట్సాప్‌లో చూశాను. అది చేయించమంటారా? నాకూ ఇలాగే ఉండేది. 34 ఏళ్లకు గర్భసంచి తీసేశారు.
– ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో చివరి రెండు వాక్యాల దగ్గర ఆగిపోయాను. మీ నొప్పికి ఎవరూ పేరు పెట్టలేదన్నమాట. ఈ జబ్బు తల్లీకూతుళ్లలో, అక్కచెల్లెళ్లలో కనిపించడం కొత్త కాదు. 2023లో అరవై వేల మందికి పైగా రోగుల జన్యువులను పరిశీలిస్తే దీనితో ముడిపడ్డ స్థానాలు 42 తేలాయి. వాటిలో కొన్నింటికి మైగ్రేన్, నడుం నొప్పి లాంటి దీర్ఘకాలపు నొప్పులతోనూ సంబంధం ఉంది. కాబట్టి మీ ఆపరేషన్ సంగతి అమ్మాయి డాక్టరుకు చెప్పండి. అప్పటి బయాప్సీ కాగితం ఇంట్లో ఉంటే తీసుకెళ్లండి.

ఇక స్కానింగ్. గర్భసంచి లోపలి పొర లాంటిదే బయట, అండాశయాల మీదో పేగు మీదో పొత్తికడుపు గోడ మీదో పెరగడమే ఈ జబ్బు. పల్చటి మచ్చల్లా ఉంటే ఏ స్కాన్‌లోనూ కనపడకపోవచ్చు. లోతుగా పాకినవీ, చాక్లెట్ సిస్టులూ (అండాశయంలో పాత రక్తం నిండిన తిత్తులు) బాగా తెలిసేది యోని ద్వారా చేసే స్కాన్‌లో. పెళ్లికాని పిల్లలకు మన దగ్గర సాధారణంగా అది చేయరు, పొట్ట మీద చూసి నార్మల్ అని రాసేస్తారు. మీ అమ్మాయికి విరేచనమప్పుడు నొప్పి ఉందన్నారు కనుక నేనైతే ఎమ్మారై తీయించమంటాను. అనుభవమున్నవాళ్లుంటే మలద్వారం ద్వారా చేసే స్కాన్ కూడా పనికొస్తుంది. ఆమె ఒప్పుకుంటేనే సుమా.

పూర్వం లాప్రోస్కోపీ (పొట్టకు చిన్న రంధ్రం పెట్టి కెమెరాతో లోపల చూడడం) చేసి కళ్లారా చూస్తే గానీ ఈ జబ్బు పేరు ఎత్తేవాళ్లం కాదు. 2022లో ఐరోపా సంతాన వైద్య నిపుణుల సంఘం ఆ పద్ధతి మార్చింది. లక్షణాలు సరిపోతే, స్కాన్ నార్మల్ అయినా మందు మొదలుపెట్టి చూడవచ్చు. మందుతో తగ్గనప్పుడో, మందు వద్దనుకున్నప్పుడో లాప్రోస్కోపీ. మీ డాక్టరు చేసింది సరైన పనే.

మీరు మాత్ర పేరు రాయలేదు, బహుశా డైనోజెస్ట్ 2 మి.గ్రా. అయి ఉంటుంది. చెడు రక్తం ఏదీ లోపల నిలవదమ్మా. నెలనెలా గర్భసంచిలో పొర మందంగా పెరిగి రాలితేనే రక్తం. ఈ మాత్ర ఆ పొరను పెరగనివ్వదు, ఇక రాలడానికేముంది? మానేస్తే నెలసరి తిరిగి వస్తుంది. మొదటి కొన్ని నెలలు మరకలు పడవచ్చు, కంగారుపడి మాన్పించకండి. కొందరికి మనసు దిగులుగా మారుతుంది. అమ్మాయి హాస్టల్లో ఒంటరిగా ఉంది కనుక రోజూ ఫోన్ చేసి మాట్లాడండి, తేడా ఉంటే డాక్టరుకు చెప్పండి.

పెళ్లి మాటకొస్తే, నేనే ఒక తప్పు చేశాను. ప్రాక్టీసు మొదట్లో ఒక అమ్మాయికి, “పెళ్లయి ఒక బిడ్డ పుడితే పోతుందిలే” అని చెప్పి పంపాను. ఆరేళ్ల తర్వాత ఆమె మళ్లీ వచ్చేసరికి అండాశయం, పేగు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. కాపురంలో ప్రతి రాత్రీ నొప్పి భరించానని చెప్పింది. ఆ మాట మళ్లీ ఎవరికీ చెప్పలేదు. గర్భంతో ఉన్నన్నాళ్లు కొందరికి ఉపశమనం ఉంటుందేమో గానీ జబ్బు పోదు. మీ అత్తగారికి ఈ పేరా చదివి వినిపించండి.

ఉమ్మి పరీక్ష నిజమే. ఫ్రాన్సులో జివిగ్ అనే సంస్థ తయారుచేసింది. లాలాజలంలోని 109 సూక్ష్మ ఆర్‌ఎన్‌ఏలను (జన్యువుల పనిని అదుపుచేసే చిన్న అణువులను) చూస్తుంది. అక్కడ 2025లో సుమారు 25,000 మందికి ప్రభుత్వ ఖర్చుతో చేస్తూ, ఎంతవరకు ఉపయోగమో పరిశీలించడం మొదలుపెట్టారు. దాని కోసం ఆగకండి. ఈలోగా అమ్మాయి చేత ఒక చిన్న పుస్తకంలో నొప్పి వచ్చిన తేదీలు, పదికి ఎంత నొప్పి, ఏం చేస్తుండగా వచ్చింది, ఎన్ని క్లాసులు పోయాయి రాయించండి. మూడు నెలల పుస్తకం చూపిస్తే ఏ డాక్టరూ తేలిగ్గా తీసిపారేయలేరు.

ప్రశ్న: నాకు 29. పెళ్లయి రెండేళ్లు. ఎడమవైపు 3 సెం.మీ. చాక్లెట్ సిస్ట్, సీఏ-125 65 వచ్చింది. క్యాన్సరా? సిస్టు తీసేయిస్తేనే పిల్లలు పుడతారా?
– కరీంనగర్ నుంచి ఒక సోదరి

జవాబు: చాక్లెట్ సిస్ట్ కూడా ఎండోమెట్రియోసిస్సే. రక్తంలో చూసే సీఏ-125 అనే ప్రోటీన్ ఈ జబ్బులోనూ పెరుగుతుంది, నెలసరి రోజుల్లోనూ పెరుగుతుంది. ఆ ఒక్క అంకె చూసి క్యాన్సర్ అనుకోకండి. సిస్టు లోపల గట్టి భాగం ఉందా, దానికి రక్తప్రసరణ ఉందా అని స్కాన్ చేసినవారిని అడగండి. సిస్టు తీసేటప్పుడు దానితోపాటు కొన్ని అండాలూ పోతాయి. అందుకని ఆపరేషన్ తేదీ ఖాయం చేసుకునే ముందే అండాల నిల్వ ఎంతుందో చెప్పే ఏఎంహెచ్ రక్తపరీక్ష చేయించుకోండి, మీ వారికి వీర్య పరీక్ష కూడా. ఆ రెండు రిపోర్టులూ వచ్చాక నాకు మళ్లీ రాయండి.