సాక్షిగా కోర్టుకు వెళ్తే పోయిన కూలి ఎవరిస్తారు?

సమన్లు వచ్చాయి, వెళ్తే ఆ రోజు సంపాదన పోతుంది, ఎవరిస్తారని కదా మీ ప్రశ్న. మన దేశంలో పోయిన జీతమంతా లెక్కగట్టి ఇవ్వరు. దక్కేది సాక్షి బత్తా, అంటే కోర్టుకు వచ్చినందుకు ఖర్చుల కింద ఇచ్చే కొంత సొమ్ము.

క్రిమినల్ కేసైతే భారతీయ నాగరిక సురక్షా సంహిత 350వ సెక్షన్ (పాత సీఆర్‌పీసీలో 312) ప్రకారం, సాక్షికి సమంజసమైన ఖర్చులు ప్రభుత్వం తరఫున చెల్లించమని కోర్టు ఆదేశించవచ్చు. అది కోర్టు ఇష్టం. కాబట్టి నోరు తెరిచి అడగాల్సిందే. ఎంతిస్తారన్నది రాష్ట్ర నియమాలను బట్టి ఉంటుంది, పెద్దగా ఆశ పెట్టుకోకండి.

సివిల్ కేసులో కాస్త నయం. మిమ్మల్ని పిలిపించే పార్టీయే ప్రయాణ ఖర్చులు, ఒక రోజు హాజరు ఖర్చు ముందుగా కోర్టులో కట్టాలి. సమన్లు నేరుగా మీ చేతికిస్తే, ఆ డబ్బూ అప్పుడే ఇవ్వాలి. అది చాలకపోయినా, రెండో రోజూ ఉండమన్నా, ఇంకొంత కట్టించమని జడ్జిని కోరండి. డాక్టరు, ఇంజనీరు లాంటి వాళ్లు నిపుణులుగా సాక్ష్యమిస్తే, కేసు కోసం చేసిన పనికి కూడా కోర్టు పారితోషికం ఇప్పించవచ్చు.

సమన్ల కాపీ, బస్సు టికెట్లు దగ్గర పెట్టుకుని, సాక్ష్యం అయిన వెంటనే కోర్టు సిబ్బందిని బత్తా గురించి అడగండి. ఇంటికొచ్చేశాక దానికోసం తిరగడం పెద్ద టెన్షన్. ఉద్యోగస్తులైతే హాజరు సర్టిఫికెట్ కూడా తీసుకోండి, ఆఫీసులో సెలవు అడగడానికి పనికొస్తుంది.